అమెరికాలో తొలి ఏడాది నిండినవారికి: లెక్క ఎవరితో కూర్చుని చూసుకోవాలి?

అమెరికాకు వచ్చి ఏడాది నిండిన మనవాళ్లు తరచుగా అడిగే సందేహం ఒకటుంది: "ఈ ఏడాదిలో నేను ఎదిగానా, లేక రోజులు దొర్లించానా?" ఈ ప్రశ్న వేసుకున్నవారిని మనసారా మెచ్చుకుంటాను, ఎందుకంటే చాలామందికి ఆ తీరిక అయిదారేళ్లు గడిచినా చిక్కదు. అయితే జవాబు కోసం మనం వెళ్లే చోటు మాత్రం సాధారణంగా సరైనది కాదు. జీతం ఎంత పెరిగింది, కారు కొన్నామా, గ్రీన్‌కార్డు పని ఎంతవరకు వచ్చింది అని మనల్ని మనమే అడిగి, మనమే జవాబు చెప్పుకుని, తృప్తిగానో దిగులుగానో లేచిపోతాం. ఇన్నేళ్లుగా ఇక్కడి తెలుగు కుటుంబాలను దగ్గరగా చూసినవాడిగా నా నమ్మకం ఏమిటంటే, ఏడాది లెక్క ఒంటరిగా చూసుకునేది కాదు. ఆ ఏడాదిని మనతోపాటు మోసినవారిని ముందు అడిగి, వారు చెప్పినది పూర్తిగా విన్న తరువాతే మన మాట కలపాలి.

కాగితాల సంగతి మొదటే ముగించడం మేలు, ఎందుకంటే అది తేలకపోతే మిగతా మాటల మీద మనసు నిలవదు. హెచ్-1బి ఉద్యోగ వీసా మొదట గరిష్ఠంగా మూడేళ్లకు, పొడిగింపుతో కలిపి మామూలుగా ఆరేళ్లకు వస్తుందని అందరికీ తెలుసు. కానీ పాస్‌పోర్టు గడువు అంతకంటే ముందే ముగిసేట్లయితే, దేశంలో అడుగుపెట్టేటప్పుడు ఐ-94లో (ఎప్పటివరకు ఇక్కడ ఉండవచ్చో చూపే రికార్డులో) పాస్‌పోర్టు తేదీ వరకే అనుమతి ఇవ్వవచ్చునన్న సంగతి కొత్తవారు గమనించరు. ఇంట్లో నలుగురుంటే నలుగురి ఐ-94 తేదీలూ విడివిడిగా చూడాలి. ఇల్లు మారితే పది రోజుల్లోగా ఏఆర్-11 అనే ఫారం ద్వారా వలస శాఖకు కొత్త చిరునామా తెలియజేయాలి. పన్నుల లెక్కలో రెసిడెంటుగా మారినవారికి ఇండియాలోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటి ఉంటే, వడ్డీ వచ్చినా రాకపోయినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు తెలిపే నివేదిక) దాఖలు చేయాలి. ఒక సాయంత్రంలో అయిపోయే పని ఇది. దీన్నే ఏడాది లెక్క అనుకోకూడదు.

అసలు లెక్క ఇంట్లో ఉంది. హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే వీసా మీద, వచ్చిన భార్య గానీ భర్త గానీ అక్కడ చదివిన చదువు, చేసిన ఉద్యోగం, నలుగురిలో ఉన్న పేరు వదులుకుని వచ్చి ఉంటారు. 2015లో వచ్చిన నిబంధన ప్రకారం కొందరు హెచ్-4 జీవిత భాగస్వాములకు పని చేసే అనుమతి దొరుకుతుంది, కానీ దానికి సాధారణంగా హెచ్-1బిలో ఉన్నవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం పొంది ఉండాలి కాబట్టి తొలి ఏడాదిలో అది చాలామందికి అందదు. ఆఫీసుకు వెళ్లేవారికి ఆ ఏడాది కొత్త పని, కొత్త మనుషులు, కొత్త మాటతీరుతో నిండిపోతుంది. ఇంట్లో ఉన్నవారికి అదే ఏడాది నాలుగు గోడల మధ్య గడుస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే క్యాలెండరు మీద రెండు వేర్వేరు ఏడాదులు గడిచాయని ఒప్పుకోవడంతోనే మన సమీక్ష మొదలుకావాలి.

అందుకని కొత్తగా వచ్చిన దంపతులకు నేను ఇచ్చే సలహా ఇది: పిల్లలు పడుకున్న తరువాత, ఫోన్లు వేరే గదిలో పెట్టి, "ఈ ఏడాదిలో నీకు బాగా కష్టంగా గడిచిన వారం ఏది? అప్పుడు నేనేం చేస్తున్నాను?" అని అడగండి. అడిగాక జవాబు చెప్పకండి. "అప్పుడు ఆఫీసులో ప్రాజెక్టు రిలీజు ఉంది కదా" అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది, దాన్ని మింగేయాలి. నాకు తెలిసిన ఒక ఇంట్లో భర్త ఇలా అడిగితే ఆమె చెప్పిన సమాధానం నాకు ఈనాటికీ గుర్తుంది: "ఫిబ్రవరిలో, మంచు పడి రోడ్లు మూసేసిన వారం. నువ్వు తలుపు మూసుకుని మీటింగుల్లో ఉన్నావు. నాకు ఈ ఊళ్లో ఫోన్ చేయడానికి ఒక్క మనిషి పేరు కూడా లేదు." అతను ఇంటి ఖర్చుకు ఏ లోటూ రానివ్వని మనిషే, ఆ వారం తనకు ఆఫీసులో మెచ్చుకోలు దక్కిన వారం కూడా. ఆ మాట విన్న తరువాత వారు రెండో ఏడాదిని వేరుగా అమర్చుకున్నారు: ముందు ఆమెకు డ్రైవింగ్ లైసెన్సు, ఆ తరువాత కమ్యూనిటీ కాలేజీలో ఒక కోర్సు (హెచ్-4 మీద చదువుకోవచ్చు), ఆమె తరగతి ఉన్న సాయంత్రాలు పిల్లవాడి బాధ్యత పూర్తిగా అతనిది. చూడడానికి చిన్న మార్పులే, కానీ మూడు నెలల్లో ఆమె నడకే మారిపోయింది.

అమ్మానాన్నల విషయంలో కూడా ఈ ప్రశ్నే అడగాలి, కాకపోతే వారు నిజం చెప్పరు. మనం కంగారుపడతామని "అంతా బాగానే ఉంది" అంటారు. తూర్పు తీరంలో ఉన్నవారు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే వేసవిలో అక్కడ ఉదయం ఆరున్నర, నవంబరులో ఇక్కడ గడియారం వెనక్కి జరిపాక ఏడున్నర. ఆ గంట తేడాతో నాన్నగారు నడకకు వెళ్లే వేళకో, అమ్మ పనిలో ఉన్న వేళకో మన పిలుపు వెళ్లి, రెండు మాటలతో ముగిసిపోతుంది. వారికి వీలైన వేళ ఏదో వారినే అడిగి, దాని ప్రకారం మన సాయంత్రాన్ని సర్దుకోవాలి. ఏడాదికొకసారైనా మందుల చీటీ, రక్తపరీక్షల రిపోర్టు ఫోటో తీసి పంపమనండి. బాగున్నారా అన్న ప్రశ్నకు దొరకని జవాబు ఆ కాగితంలో దొరుకుతుంది.

ఇక విశ్వాసం. గుడికైనా, చర్చికైనా, మసీదుకైనా ఇక్కడ వారాంతంలో వెళ్లడం మొదలుపెట్టిన కొత్తవారిలో చాలామందికి ముందు దొరికేది మనుషులు, ఆ తరువాతే దేవుడు. అందులో తప్పేమీ లేదు, పరాయి దేశంలో మనవాళ్ల మొహాలు చూడడమే పెద్ద ఊరట. అయితే ఏడాది చివర ఈ రెండింటినీ విడదీసి చూసుకోవడం అవసరం. ఉద్యోగం పోయి, హెచ్-1బి నిబంధనలు ఇచ్చే 60 రోజుల వ్యవధిలో మరో ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చిన వారంలో, ఎవరూ చూడని మంగళవారం ఉదయాన, మీరు ప్రార్థనకు కూర్చున్నారా, దాని నుంచి మీకు బలం అందిందా అన్నది అసలు ప్రశ్న. అందకపోతే సిగ్గుపడనక్కరలేదు, వచ్చే ఏడాది రోజుకు పది నిమిషాలు దానికి కేటాయించుకుంటే చాలు. మనవాళ్లకు అమెరికా తలుపులు తెరిచిన 1965 వలస చట్టం తరువాత వచ్చిన మన తొలితరాన్ని తలచుకోండి: 1970వ దశకంలో పిట్స్‌బర్గ్ దగ్గర వేంకటేశ్వరాలయానికి, 1977లో న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణపతి ఆలయానికి ప్రతిష్ఠలు జరిగాయంటే, ఉద్యోగాలు చేసుకుంటూనే ఆ పని భుజాన వేసుకున్న మనుషులు ఉండబట్టే.

నాయకత్వం కూడా అక్కడి నుంచే నేర్చుకోవాలని నాకు అనిపిస్తుంది. తొలి ఏళ్లలో సంఘాల పదవుల కోసం ఆరాటపడవద్దని గట్టిగా చెబుతాను. పదవి తెచ్చే వర్గాల గొడవ కొత్తవారి కుటుంబ సమయాన్ని తినేస్తుంది. దానికి బదులు పని అడగండి. సిలికానాంధ్ర సంస్థ నడిపే తెలుగు బడి మనబడిలో వారానికొకసారి పిల్లలకు తెలుగు చెప్పడం, కార్యక్రమం అయ్యాక కుర్చీలు సర్దడం, కొత్తగా దిగిన కుటుంబాన్ని లైసెన్సు ఆఫీసుకు తీసుకెళ్లడం వంటి పనుల్లో మనిషి నమ్మకం సంపాదిస్తాడు. ఆఫీసులో మాట్లాడడానికి జంకేవారికి 1924లో కాలిఫోర్నియాలో మొదలైన, నలుగురిలో మాట్లాడడం నేర్పే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు చాలా ఊళ్లలో ఉన్నాయి: అయిదు నుంచి ఏడు నిమిషాలు మాట్లాడతారు, వెంటనే ఒకరు లేచి ఏది బాగుందో, ఏది దిద్దుకోవాలో అందరి ముందు చెబుతారు. ఆ దిద్దుబాటును నొచ్చుకోకుండా వినడం అలవడితే, అదే చెవి ఇంట్లోనూ పనికొస్తుంది. ఏడాది చివర మీ మేనేజరును రేటింగు అడగడంతో ఆగకుండా, మీ తరువాత చేరిన కుర్రవాడిని "నేను నీకు ఏ విషయంలో ఉపయోగపడ్డాను?" అని అడిగి చూడండి.

చివరగా ఒక జాగ్రత్త. ఇలా అడిగినప్పుడు కొన్నిసార్లు మీరు ఊహించని జవాబు వస్తుంది: వారాల తరబడి నిద్ర పట్టడం లేదని, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదని, బతకాలనే లేదని. అలా విన్నప్పుడు ధైర్యం చెప్పి ఊరుకోకండి, నలుగురికి తెలిస్తే ఏమనుకుంటారో అని దాచకండి. చాలా కంపెనీలు ఈఏపీ (ఉద్యోగుల సహాయ కార్యక్రమం) పేరుతో ఉద్యోగులకు, వారి కుటుంబానికి కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితంగా ఇస్తాయి. ఆ నంబరు హెచ్‌ఆర్ కాగితాల్లో ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభాల సహాయ నంబరు 988కి, పగలైనా రాత్రైనా, ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయవచ్చు. ఇంగ్లీషులో చెప్పుకోలేకపోతున్నామని ఆగనక్కరలేదు, ఫోన్‌లో దుభాషి కావాలని అడిగితే ఏర్పాటు చేస్తారు. ఆ రాత్రి పక్కన కూర్చుని ఆ నంబరు నొక్కాల్సినది మీరే.