‘గెట్’ ఉన్నచోటల్లా ‘రిసీవ్’ పెడితే ఎందుకు కుదరదు?

మీ ఇంగ్లిష్ వ్యాసంలో ‘గెట్’ అన్నింటినీ ‘రిసీవ్’గా మార్చారు, సగం వాక్యాలు చెడింది అందుకే. పర్యాయపదం మాటకు కాదు, ఆ వాక్యంలోని అర్థానికి వెతకాలి.

చాలామంది వదిలేసేది ఒక్కటే: ‘గెట్’ తర్వాత ఏముందో చూడటం.

1. వస్తువు పేరు ఉంటే (గెట్ ఎ లెటర్) అందుకోవడం. ‘రిసీవ్’ సరిపోతుంది. డబ్బిచ్చి తెచ్చుకుంటే మాత్రం ‘బై’.

2. విశేషణం ఉంటే (గెట్ టైర్డ్) ఒక స్థితిలోకి మారడం. ‘బికమ్’ పెట్టండి. మీ ‘రిసీవ్ టైర్డ్’ తేడా కొట్టింది ఇక్కడే.

3. ‘టు’, ఆపైన చోటు ఉంటే (గెట్ టు ది స్టేషన్) చేరడం. ‘రీచ్’ వాడండి, కానీ ‘టు’ తీసేయాలి. ‘రీచ్ టు ది స్టేషన్’ తప్పు. నేనూ చాలాకాలం అలాగే రాశాను!

4. ‘ఐ డోంట్ గెట్ ఇట్’లో అయితే ‘అండర్‌స్టాండ్’.

అనుమానం వస్తే ముందు తెలుగులో అనుకోండి: అందిందా, అయిందా, చేరానా, అర్థమైందా? సరైన మాట దానంతటదే తడుతుంది.

‘గెట్ అప్’, ‘గెట్ ఓవర్’ లాంటి జంటల్ని విడదీయకండి, డిక్షనరీలో కలిపే వెతకండి. స్నేహితులకు రాసే మెయిల్‌లో అయితే ‘గెట్’ని మార్చక్కర్లేదు.