పాఠకుల ప్రశ్నలు: అడవి పంది వేటకు ఏ హ్యాండ్‌గన్?

ప్రశ్న: డల్లాస్‌కు రెండు గంటల దూరంలో ముప్ఫై ఎకరాలు కొన్నాము. వాగు పక్కనున్న పచ్చికను అడవి పందులు నాగలి పెట్టినట్టు తవ్వేస్తున్నాయి. పక్క పొలం ఆయన రైఫిల్‌తో కాలుస్తారు. నాకు మాత్రం హ్యాండ్‌గన్‌తో వేటాడాలని ఉంది. ఇంటి రక్షణకు కొన్న 9 మిల్లీమీటర్ల పిస్టల్ సరిపోతుందా, లేక .44 మాగ్నమ్ వంటిది కొనుక్కోవాలా? నేను అమెరికా పౌరుణ్ణే.
– టెక్సాస్ పాఠకుడు

జవాబు: ఇంట్లో ఉన్న 9 మిల్లీమీటర్ల పిస్టల్‌ను ఈ పనికి వాడవద్దు. దానితో పందిని పడగొట్టినవారు లేరని కాదు. అయితే అది సరిగ్గా తగలకపోతే, గాయపడి పొదలో దూరిన పంది వెనక చీకటిలో వెళ్లవలసింది మీరే.

పంది ఒళ్లు చూసేవారిని మోసం చేస్తుంది. జింకకు అలవాటు పడిన కన్ను గుండెను జబ్బ వెనకాల వెతుకుతుంది. పందికి అది ఇంకా కిందుగా, ఇంకా ముందుకు, దాదాపు ముందుకాళ్ల మధ్యకే ఉంటుంది. వీపు మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకల వల్ల మనిషి గురి తెలియకుండానే పైకి పోతుంది. దీనికి తోడు ముదురు మగపందికి, అంటే మన పెద్దలు ఏకలం అనే ఒంటరి పందికి, జబ్బల మీద చర్మం కింద గట్టి కవచం ఏర్పడుతుంది. సాటి మగపందుల కోరల దెబ్బ కాచుకోవడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు అది. నేను చర్మం తీసిన ఒక పందిలో ఆ కవచం బొటనవేలి మందాన ఉండి, కత్తి మొన జారిపోయింది. ఎవరో ఎప్పుడో కాల్చిన చిన్న తూటా ఒకటి అందులోనే చదునై ఇరుక్కుని కనిపించింది. ఆ పంది ఆ గాయంతోనే బతికి, మేసి, బలిసింది.

అందుకే లోతుగా దిగే బరువైన తూటా కావాలి. తూటా బరువును గ్రెయిన్లలో, దెబ్బ శక్తిని ఫుట్-పౌండ్లలో కొలుస్తారు. మామూలు 9 మిల్లీమీటర్ల తూటా బరువు 115 నుంచి 124 గ్రెయిన్లు, శక్తి సుమారు 350 ఫుట్-పౌండ్లు. .357 మాగ్నమ్‌లో 158 గ్రెయిన్ల తూటా 500 దాటుతుంది. నా లెక్కలో పందికి అదే కనీస హద్దు. 10 మిల్లీమీటర్ల ఆటో పిస్టల్‌కు 200 గ్రెయిన్ల బరువైన తూటా దొరుకుతుంది, శక్తి 550 నుంచి 650 దాకా ఉంటుంది. 240 గ్రెయిన్ల తూటాతో .44 మాగ్నమ్ 700 నుంచి 900 దాకా ఇస్తుంది. .454 కాసల్, .500 స్మిత్ అండ్ వెసన్ వంటివి ఎలుగుబంటి సరంజామా. పందికి అవి అక్కర లేదు. కొత్తగా మొదలుపెట్టేవారికి అసలే వద్దు.

మీ పరిస్థితికి నేను ఆరు అంగుళాలకు తగ్గని బ్యారెల్ ఉన్న .44 మాగ్నమ్ రివాల్వర్‌నే సూచిస్తాను. స్మిత్ అండ్ వెసన్ 629, రూగర్ సూపర్ రెడ్‌హాక్, ప్రతిసారీ సుత్తిని వేలితో వెనక్కి లాగి కాల్చే సింగిల్ యాక్షన్ పద్ధతి నచ్చితే రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ – వీటిలో ఏది మీ అరచేతికి ఇమిడితే అది తీసుకోండి. ఆరంగుళాల 629 సుమారు కిలోంబావు తూగుతుంది; అంగడిలో అది బరువనిపిస్తుంది కానీ కాల్చినప్పుడు తుపాకీ చేతిని వెనక్కి తన్నే తన్నును ఆ బరువే మింగుతుంది. నేను రివాల్వర్ వైపు మొగ్గడానికి మరో కారణం ఉంది. .44 మాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్ తూటాలు కూడా పనిచేస్తాయి. అవి మెత్తగా పేలుతాయి కనుక, నాలుగైదు వారాలు వాటితో చెయ్యి తిప్పుకుని, తరువాత మాగ్నమ్‌కు మారవచ్చు. .38 స్పెషల్ తూటాలకూ .357 రివాల్వర్‌కూ ఉన్న సంబంధం ఇదే.

తన్ను మీకు బొత్తిగా పడకపోతే సిగ్గుపడకుండా 10 మిల్లీమీటర్లకు వెళ్లండి. గ్లాక్ 20లో పదిహేను తూటాలు పడతాయి, గుంపు మీద గుంపు వచ్చే చోట అది సౌకర్యమే. అయినా పదిహేను తూటాలున్నాయన్న ధీమాతో మొదటి తూటాను అశ్రద్ధగా వదిలేవారిని నేను చాలామందిని చూశాను.

ఏది కొన్నా తుపాకీ తన్నుకు మీ చెయ్యి భయపడుతున్నదేమో ముందు పరీక్షించుకోవాలి. కాల్పులు సాధన చేసే రేంజ్‌లో మీ స్నేహితుణ్ణి ఆరు గదులలో నాలుగింటిని అసలు తూటాలతో, రెండింటిని ఖాళీ తొడుగులతో నింపి, చక్రాన్ని తిప్పి ఇమ్మనండి. ఏది ఎప్పుడు వస్తుందో మీకు తెలియకూడదు. సుత్తి ఖాళీ తొడుగు మీద పడి 'టిక్కు'మన్నప్పుడు బ్యారెల్ మొన ముందే కిందికి వంగితే, తన్నుకు భయపడి మీ చెయ్యి ముందే బిగుసుకుంటున్నదని అర్థం. నాకు తొలిసారి అది చూసినప్పుడు తల ఎత్తాలనిపించలేదు. మొన మూడు అంగుళాలు వంగింది. ఆ జబ్బు నయమయ్యేదాకా స్పెషల్ తూటాలే వాడాలి.

దూరం విషయంలో నియమం పెట్టుకోండి. ఆరంగుళాల కాగితపు పళ్లెం మీద వరసగా ఆరు తూటాలూ పడే దూరమే మీ వేట దూరం. చాలామందికి అది మొదట 25 గజాలే. ఆరునెలల సాధన మీద 50 గజాలు చేరవచ్చు, ఆపైన రైఫిల్ పని. సంధ్య వెలుగులో ఇనుప గురి కనిపించదు కాబట్టి ఎర్ర చుక్కతో గురి చూపే రెడ్ డాట్ పరికరం బిగించుకోవడం మంచిది. పంది కళ్లు మందకొడివి, ముక్కు మాత్రం చురుకైనది. గాలికి ఎదురుగా మాటు వేస్తే మొక్కజొన్న గింజలు చల్లిన చోటికి ముప్ఫై గజాలలోకి వస్తాయి. అడ్డంగా గానీ కొంచెం అవతలికి తిరిగి గానీ నిలబడినప్పుడే కాల్చాలి. మీ వైపు ముఖం పెట్టినప్పుడు పుర్రె వాలు మీద తూటా జారిపోవచ్చు.

తూటాల్లో ఆత్మరక్షణ కోసం అమ్మే, మొనలో గుంట ఉన్న హాలో పాయింట్ వద్దు, అది కవచంలోనే విచ్చుకుని ఆగిపోవచ్చు. చదును మొన గల గట్టి సీసపు తూటా, లేదా వేటకోసమే చేసిన, మొన దగ్గర మెత్తని సీసం బయటికి ఉండే సాఫ్ట్ పాయింట్ వాడండి. అది ఒంట్లోంచి అవతలికి దూసుకుపోతుంది గనుక పంది వెనక ఏముందో చూసిన తరువాతే మీట నొక్కండి. మాటులో కూడా చెవులను కప్పి పెద్ద చప్పుడును ఆపే ఎలక్ట్రానిక్ మఫ్స్ తప్పనిసరి: మాగ్నమ్ ధ్వని 160 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క దెబ్బకే చెవి చెడిపోవచ్చు. కోసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి. పందుల నెత్తురు ద్వారా బ్రూసెల్లోసిస్ అనే అంటువ్యాధి సోకవచ్చు.

చట్టం సంగతి మీకు తేలికే. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో సొంత భూమిలోగానీ యజమాని అనుమతి ఉన్న ప్రైవేటు భూమిలోగానీ అడవి పందిని వేటాడటానికి హంటింగ్ లైసెన్సు అక్కరలేదు, కాలపరిమితి లేదు, సంఖ్యకు హద్దు లేదు. ఇది చదివి ఇండియాలో ఊళ్లో వేరుశనగ చేను పాడు చేస్తున్న పందుల మీద ప్రయోగిద్దామనుకునే బంధువులకు మాత్రం ముందే చెప్పండి: అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పందికీ వర్తిస్తుంది, సొంతంగా వేటాడటం నేరం.

ప్రశ్న: పై విషయమే. నేను హెచ్-1బి మీద ఉన్నాను. మిత్రుడి పొలంలో అతని రివాల్వర్‌తో ఒకసారి వేటాడవచ్చా? టెక్సాస్‌లో పందికి లైసెన్సు అవసరం లేదని అందరూ అంటున్నారు.
– హ్యూస్టన్ పాఠకుడు

జవాబు: అందరూ చెప్పింది నిజమే, కానీ మీ విషయంలో అదే ఉరితాడు. వలసేతర వీసా మీద ప్రవేశించినవారు తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం శాసిస్తుంది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 అన్నీ ఈ కోవలోవే. మినహాయింపులలో మీకు పనికొచ్చేది, అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం. అంటే పందికి రాష్ట్రం అడగని లైసెన్సే, తుపాకీ పట్టుకోవడానికి మీకు కావాలి. మిత్రుడిది కదా, ఒక్క నిమిషమే కదా అన్న వాదన చెల్లదు. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా ఇంతే. తన పేరుతో కొని మీకు ఇవ్వమని మిత్రుణ్ణి అడిగితే ఆయన కూడా నేరంలో పడతారు.

టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ నుంచి లైసెన్సు తీసుకోండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. ఎంత ఆలస్యంగా కొన్నా ఆ లైసెన్సు గడువు ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న కొత్తది చేతికి రాకముందు తుపాకీ మీ దగ్గర ఉంటే చట్టం దృష్టిలో మీరు నేరస్థులే, అది గ్రీన్ కార్డు దరఖాస్తు దాకా వెంటాడుతుంది. ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడి, లైసెన్సు జేబులో పెట్టుకున్న తరువాతే మిత్రుడి గేటు దాటండి.