కార్పొరేట్ లా వదిలి విశాఖ కోర్టులో ప్రాక్టీసు: ఇప్పుడు రావచ్చా?

హైదరాబాద్‌లో మూడేళ్లుగా అగ్రిమెంట్లు రాస్తున్నానని, సొంతూరు విశాఖ వచ్చేసి కోర్టులో ప్రాక్టీసు మొదలుపెడితే ఆలస్యమైనట్టేనా అని అడిగారు. కాదండి. నేనూ ఆ దారినే వచ్చాను. డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను: మొదట్లో సీనియర్ గారిచ్చేది పెట్రోలుకీ టీకీ సరిపోతుంది, అంతే. అమ్మానాన్నల ఇంట్లో ఉన్నాను కాబట్టి నెట్టుకొచ్చాను. మీకు ఈఎంఐలుంటే అవి తీరాకే రాజీనామా పెట్టండి.

మీరున్నది లా ఫర్మ్‌లోనా, కంపెనీ లీగల్ విభాగంలోనా? కంపెనీ జీతం మీద పూర్తికాలం పనిచేసేవాళ్లు ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నిబంధన. సనదు, అంటే ప్రాక్టీసు లైసెన్సు, సస్పెండ్ చేయించుకుని ఉంటే, పునరుద్ధరించుకున్నాకే వకాల్తా (క్లయింటు తరఫున వాదించే అధికార పత్రం) మీద సంతకం పెట్టాలి. జడ్జి పరీక్ష ఆలోచన కూడా ఉంటే, జూనియర్ సివిల్ జడ్జికి మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని సుప్రీంకోర్టు 2025 మేలో మళ్లీ తెచ్చింది.

ఇక అసలు తేడా. ఆఫీసులో మనం క్లాజుల మీద కొట్టుకుంటాం. ఇక్కడ ఆ కాగితం సాక్ష్యంలోకి రావడమే పెద్ద తంతు. వాది కాగితాలు ఏ-1, ఏ-2 అని, ప్రతివాదివి బీ-1 అని మార్కవుతాయి. ఆ నంబరు పడేలోపే అవతలి ప్లీడరు గారు లేచి "స్టాంపు చాలదండీ" అంటారు. స్టాంపు చట్టం 35వ సెక్షన్ ప్రకారం తక్కువ పడిన డ్యూటీ, దానిమీద పది రెట్ల పెనాల్టీ కడితేగానీ కోర్టు దాన్ని చూడదు. ప్రాంసరీ నోటుకైతే ఆ దారి కూడా లేదు, స్టాంపు లేకపోతే నోటు పోయినట్టే. మీరు లేవాల్సిన చోట లేవకపోయారనుకోండి, ఒకసారి మార్కయ్యాక 36వ సెక్షన్ అడ్డొస్తుంది, స్టాంపు మాట మళ్లీ ఎత్తనివ్వరు. ఎప్పుడు లేవాలన్నది పుస్తకం చదివితే రాదు, సీనియర్ పక్కన కూర్చుంటేనే పట్టుబడుతుంది.

క్రాస్, అంటే అవతలివాళ్ల సాక్షిని ప్రశ్నించడం, కూడా అంతే. భీమిలి వైపు నుంచి వచ్చిన రైతు సాక్షిని మన కార్పొరేట్ తెలుగులో అడిగితే జడ్జి గారే కల్పించుకుని ప్రశ్న తిరగేసి చెప్పాల్సి వస్తుంది. పాత కేసు కట్టల్లోని డిపోజిషన్లు (సాక్షుల వాంగ్మూలాలు) చదవండి, వాటిని మించిన పాఠం నాకు దొరకలేదు.

మీ అనుభవం ఊరికే పోదు. విశాఖలో కమర్షియల్ కోర్టుంది, బ్యాంకు బకాయిల కేసులు చూసే డెట్ రికవరీ ట్రిబ్యునలుంది. మూడు లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య వివాదాలు కమర్షియల్ కోర్టుకు వెళ్తాయి. అక్కడ సమన్లు అందిన 120 రోజుల్లోపు రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది రాతపూర్వక జవాబు) పడకపోతే ఆ హక్కే పోతుంది. ట్రిబ్యునల్లో, బ్యాంకు సర్ఫేసీ చర్య (బకాయి కోసం తాకట్టు ఆస్తి మీద నేరుగా తీసుకునే చర్య) మీద 45 రోజుల్లో దరఖాస్తు వేయాలి. లోను కాగితాలు, మార్ట్‌గేజ్ డీడులు గడగడా చదివేవాళ్లకి ఈ రెండు చోట్లా గిరాకీ ఉంది. అయినా మొదట సివిల్ ట్రయల్స్ నడిపే ఆఫీసులోనే చేరండి. నేరుగా అమరావతి హైకోర్టుకు పోతే రిట్లు (ప్రభుత్వ చర్యల మీద వేసే పిటిషన్లు) వస్తాయేమో గానీ సాక్షి బోనులో మనిషిని ఎలా అడగాలో రాదు.

సీనియర్ని కలవాలంటే సాయంత్రం ఏడు దాటాక ఆఫీసుకెళ్లండి. పొద్దున కేసులు వరసగా పిలిచే కాల్ వర్క్ వేళ కోర్టు వరండాలో పలకరిస్తే ఎవరికీ తీరిక ఉండదు. ముందు గుమాస్తా గారితో మాట్లాడండి, ఏ ఆఫీసులో జూనియర్‌కి నిజంగా పని ఇస్తారో ఆయనకే తెలుసు.