ఆ లైట్‌బార్ ఎవరిది?

గేమింగ్ శీర్షిక: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పోలీసు బళ్ల మాడ్ల గురించే. తెలియని వాళ్ల కోసం ఒక్క మాట. గేమ్‌లో కంపెనీ ఇచ్చిన బండి బదులు మనం తయారుచేసుకున్న బండి పెట్టుకోవడమే మాడ్. నేను ఈ పని 2009 నుంచి చేస్తున్నాను. హనుమకొండలో గంటకు పదిహేను రూపాయలు తీసుకునే నెట్ సెంటర్లో, జీటీఏ శాన్ ఆండ్రియాస్ అనే గేమ్‌తో మొదలుపెట్టాను. మా నాన్న పోలీసు శాఖలో డ్రైవర్. అందుకే రేసు కార్ల మీదకు నా మనసు ఎప్పుడూ పోలేదు. ఈసారి శీర్షిక మొత్తం పోలీసు బళ్లకే.

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ రెండో ఏడు. జీటీఏ 5 కోసం హైదరాబాద్ పెట్రోలింగ్ ఇన్నోవా చేశాను. కారు మోడల్ ఒక త్రీడీ సైట్లో ఉచితంగా దొరికింది. పైకప్పు మీద మెరిసే లైట్ల పట్టీ, అదే లైట్‌బార్, వేరే వాళ్ల మాడ్‌లోంచి తీసుకున్నాను. స్టిక్కర్లన్నీ రెండు వారాలు కూర్చుని నేనే వేశాను. మాడ్ సైట్లో అప్‌లోడ్ చేసిన మూడో రోజే సైటు వాళ్లు తీసేశారు. మాడ్‌తో పాటు పెట్టే వివరాల ఫైలు రీడ్‌మీలో ఇద్దరి పేర్లూ రాశాను కదా! ఇంకేం తప్పు చేశాను?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, పేరు రాయడం వేరు, అడగడం వేరు. పక్కింటి వాళ్ల సైకిల్ తీసుకెళ్లి, దాని మీద వాళ్ల పేరు రాసిపెట్టినంత మాత్రాన అడిగినట్టు కాదు కదా.

నువ్వు చేసిన రెండు వారాల పని చిన్నదని నేననను. ఫొటోలు చూశాను. పక్క డోర్ల మీద గీత వంపు తిరిగే చోట నువ్వు పడ్డ కష్టం కనిపిస్తోంది. కానీ ఆ బండిలో ముగ్గురి పని ఉంది. మిగతా ఇద్దరిలో ఒక్కరినైనా అడిగావా?

2016లో నేనూ ఇదే తప్పు చేశాను. బొలేరో మీద పెట్టడానికి ఒక అమెరికా కుర్రాడి మాడ్ విప్పి, లైట్‌బార్ ఊడదీసి పెట్టుకున్నాను. రీడ్‌మీ చివర అతని పేరు రాసి, అంతటితో సరిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండా అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. తిట్టలేదు. లోపలి రిఫ్లెక్టర్లు ఒక్కొక్కటీ అసలు లైట్‌బార్ చూసి కొలిచి చేశానని, నాలుగు నెలలు పట్టిందని, అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణని రాశాడు. ఆ రాత్రే నా మాడ్ నేనే తీసేశాను. తిట్టి ఉంటే నాకు అంత బాధ అనిపించేది కాదు.

రెండేళ్ల తర్వాత ఆ బాధ అవతలివైపు నుంచి తెలిసొచ్చింది. నేను చేసిన టాటా సుమోని ఎవరో ఒక ప్యాక్‌లో కలిపి అమ్మకానికి పెట్టారు. టెయిల్‌గేట్ మీద నేను కావాలని ఉంచిన చిన్న సొట్ట కూడా అలాగే ఉంది. అది చూసే నాదని పట్టుకున్నాను.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. కారు మోడల్ దొరికిన పేజీకి వెళ్లి లైసెన్స్ చదువు. ఉచితం అంటే ఏమైనా చేసుకోవచ్చని కాదు. క్రియేటివ్ కామన్స్‌లోనే రకాలున్నాయి: పేరు చెప్తే చాలు అనేది ఒకటి, డబ్బు చేసుకోకూడదు అనేది ఒకటి, మార్పులు చేసి పంచకూడదు అనేది ఇంకొకటి. ఈ మూడోది అయితే, నువ్వు స్టిక్కర్ వేసి పంచడం కూడా కుదరదు. అలాగే ఆ మోడల్ వేరే రేసింగ్ గేమ్‌లోంచి ఊడదీసింది కాదని నిర్ధారించుకో. అలాంటివాటిని చాలా మాడ్ సైట్లు ఒప్పుకోవు.

లైట్‌బార్ మాత్రం అడగనే వద్దు, నువ్వే చెయ్. ఎందుకంటే నువ్వు తీసుకున్నది అమెరికా వాళ్ల పల్చటి ఎల్‌ఈడీ బార్. మన బళ్ల మీద ఎక్కువగా కనిపించేది అది కాదు. మనవాటిలో చాలావాటికి అటు ఎర్ర డోమ్, ఇటు నీలం డోమ్, మధ్యలో సైరన్ స్పీకర్ డబ్బా ఉంటాయి. త్రీడీ మోడళ్లు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక పెట్టె, రెండు డోములు, లోపల రెండు రిఫ్లెక్టర్లు. తొలిసారి కాబట్టి నాలుగైదు రోజులు పడుతుంది. అప్పుడు నీ ఇన్నోవా నిజంగా మన ఇన్నోవాలా ఉంటుంది. ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

రీడ్‌మీలో "క్రెడిట్స్: ఫలానా, ఫలానా" అని వదిలేయకు. బాడీ ఎవరిది, చక్రాలు ఎవరివి, లైట్‌బార్ ఎవరిది, స్టిక్కర్ ఎవరిది, ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారు, అన్నీ రాయి. నీ బండిని వేరేవాళ్లు వాడుకోవచ్చో లేదో కూడా రాయి. అది రాయకపోతే రేపు నీలాంటి కుర్రాడే నిన్ను అడక్కుండా తీసుకుంటాడు.

ప్రశ్న: సార్, జీటీఏ 5లో నా బండి ఎర్ర లైటు, నీలం లైటు రెండూ ఒకేసారి వెలుగుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి రావడం లేదు. పైగా ఈ బండి పెట్టాక ఇంతకుముందు పెట్టుకున్న అంబులెన్స్ లైట్లు కూడా మారిపోయాయి. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.
– భీమవరం

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు.

మొదటిది కార్‌కోల్స్ మెటా అనే, లైట్ల వివరాలుండే ఫైల్లో ఉంది. అందులో ఒక్కో లైటుకీ సీక్వెన్సర్ అని ఒక పెద్ద అంకె ఉంటుంది. చూడ్డానికి అర్థంపర్థం లేనట్టుంటుంది గానీ అది 32 గడుల వరస. గడిలో 1 ఉంటే వెలుగు, 0 ఉంటే చీకటి. గేమ్ ఆ గడులను ఒక్కొక్కటే చదువుకుంటూ పోయి, చివరికి రాగానే మళ్లీ మొదటికి వస్తుంది. ఎర్ర లైటుకి 1100 అని ఎనిమిదిసార్లు రాస్తే 32 గడులు నిండుతాయి. దాన్ని మామూలు అంకెగా మారిస్తే 3435973836. నీలానికి సరిగ్గా తిరగేసి 0011 అని ఎనిమిదిసార్లు రాయాలి. అది 858993459. ఈ రెండు అంకెలూ చెరొకదానికి పెట్టి చూడండి, ఒకటి ఆరగానే రెండోది వెలుగుతుంది. మీ ఫైల్లో రెండింటికీ ఒకే అంకె ఉండి ఉంటుంది. వేగం సంగతి సీక్వెన్సర్ బీపీఎం అనే ఇంకో అంకె చూసుకుంటుంది. 600తో మొదలుపెట్టి, కంటికి నచ్చేదాకా తగ్గించండి, పెంచండి. రోడ్డు మీద నిజం బండి కనిపిస్తే ఫోన్‌లో పది సెకన్ల వీడియో తీసుకుని, నెమ్మదిగా తిప్పి లెక్కపెట్టండి. నేను అలాగే చేస్తాను.

రెండోది సైరన్ నంబర్ల గొడవ. ప్రతి లైట్ల సెట్టుకీ ఒక ఐడీ ఉంటుంది. మీ కొత్త బండికీ, పాత అంబులెన్స్‌కీ ఒకే ఐడీ పడింది. కొత్తదానికి ఎవరూ వాడని నంబరు ఇవ్వండి. కార్‌కోల్స్‌లో ఏ నంబరు పెట్టారో బండికి ఏ లైట్ల సెట్టు వాడాలో చెప్పే కార్‌వేరియేషన్స్ మెటా ఫైల్లోనూ అదే పెట్టాలి. ఒకచోట మార్చి రెండోచోట మర్చిపోతే లైట్లు సరిగ్గా రావు. మామూలుగా 255 దాటిన నంబర్లను గేమ్ తీసుకోదు. బళ్లు ఎక్కువ పెట్టుకునేవాళ్ల కోసం ఆ హద్దు పెంచే ప్లగిన్, అంటే గేమ్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం, వేరే ఉంది.

పంచేటప్పుడు మీ సైరన్ ఐడీ ఎంతో మాడ్ వివరాల్లో మొదటి వరసలోనే రాయండి. అది రాయని మాడ్ల వల్లే మీకు ఈ రెండు రోజులూ పోయాయి.

ప్రశ్న: బండి కుడివైపు "రక్షక్" అని సరిగ్గా వస్తోంది, ఎడమవైపు అద్దంలో చూసినట్టు తిరగబడుతోంది. "క్ష" కూడా విడిపోయి "క్‌ష" అని పడుతోంది.
– నంద్యాల

జవాబు: మోడల్ చేసినవాళ్లు సగం బండి చేసి రెండో సగాన్ని అద్దంలా తిప్పేశారు. రెండు పక్కలకీ టెక్స్చర్‌లో, అంటే బండి మీద పరిచే బొమ్మలో, ఒకే చోటు ఉంది. ఆ బొమ్మలో ఏ భాగం బండి మీద ఎక్కడ పడాలో చెప్పే యూవీ మ్యాప్‌లో ఎడమపక్కను విడదీసి వేరే చోట పరచండి. అప్పుడు రెండు పక్కలా విడివిడిగా రాసుకోవచ్చు. "క్ష" విడిపోవడం ఫొటోషాప్ సెట్టింగ్. టైప్ ఆప్షన్లలో భారతీయ భాషలకు పనికొచ్చే లేఅవుట్ ఎంచుకుని మళ్లీ టైప్ చేయండి. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో అయితే ఈ ఇబ్బంది రాదు. తెలుగు అక్షరం విరిగిపోయిన బండిని మాత్రం దయచేసి అప్‌లోడ్ చేయకండి.

ప్రశ్న: నా లాప్‌టాప్ పాతది, గ్రాఫిక్స్ కార్డు లేదు. పోలీసు బండి చేయాలని ఉంది.
– సిరిసిల్ల

జవాబు: శాన్ ఆండ్రియాస్‌తో మొదలుపెట్టండి. బండికి రెండే ఫైళ్లు: ఆకారం డీఎఫ్‌ఎఫ్, రంగులు టీఎక్స్‌డీ. మాడ్లను విడిగా ఒక ఫోల్డర్లో పెట్టుకోనిచ్చే మాడ్‌లోడర్ వాడితే అసలు గేమ్ ఫైళ్లు ముట్టుకోనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. అందులో సైరన్ వెలుగు ఎక్కడ పడాలన్నది గేమ్ ప్రోగ్రాంలోనే రాసిపెట్టేశారు. ఎత్తు బండి పెడితే వెలుగు పైకప్పు కింద, డ్రైవర్ తల దగ్గర పడుతుంది. దానికీ ప్లగిన్ ఉంది. మీ తప్పనుకుని మోడల్ చెరుపుకోకండి.

ప్రశ్న: నమస్తే. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. మా అబ్బాయి పదో తరగతి. ఎప్పుడు చూసినా గేమ్‌లో పోలీసు జీపులు తయారుచేస్తుంటాడు. ఎవరో రెండు వందలు ఇస్తామన్నారట. ఇది నేరమా? కేసులేమైనా అవుతాయా? భయంగా ఉంది.
– గుంటూరు

జవాబు: టీచర్ గారూ, మీ భయం అర్థమైంది. ముందు ధైర్యంగా ఉండండి. బొమ్మ పోలీసు జీపు తయారుచేయడం నేరం కాదు. బాబు చేతిలో ఉన్నది మంచి పని. కొలతలు, వెలుగునీడలు, ఓపిక, అన్నీ అందులో ఉన్నాయి.

గేమ్ కంపెనీ సంగతి చెప్తాను. 2017 జూన్‌లో ఓపెన్ ఐవీ అనే మాడింగ్ సాధనానికి జీటీఏ తయారుచేసే రాక్‌స్టార్ కంపెనీ మాతృసంస్థ టేక్‌టూ నోటీసు పంపింది. ఆటగాళ్లు పెద్దఎత్తున గోల చేశారు. ఆ తర్వాత రాక్‌స్టార్ తన మాట స్పష్టం చేసింది: ఒంటరిగా ఆడుకునే ఆటకు, డబ్బు కోసం కాకుండా చేసే మాడ్ల మీద సాధారణంగా చర్య తీసుకోము అని. ఆ సాధనం మళ్లీ వచ్చింది. అంటే రెండు చోట్ల జాగ్రత్త పడాలి. ఒకటి, జీటీఏ ఆన్‌లైన్లోకి మాడ్లతో వెళ్లకూడదు, అకౌంట్ పోవచ్చు. రెండు, డబ్బు. ఆ రెండు వందలు వద్దనమనండి. నలుగురు కలిసి ఆడే రోల్‌ప్లే సర్వర్ల గురించి 2022 నవంబరులో ఇచ్చిన నియమాల్లోనూ వ్యాపారం చేయడం, నిజమైన బ్రాండ్లను తెచ్చిపెట్టడం వద్దన్నారు.

ఇక మన దేశం సంగతి. మూడు సింహాల చిహ్నం దుర్వినియోగం కాకుండా 2005లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. గేమ్ బొమ్మ మీద కేసు పెడతారని నేననను గానీ, బాబు సొంతంగా ఒక ఊరి పేరు, ఒక చిహ్నం కల్పించుకుంటే ఇంకా బాగుంటుంది. నేను చేసే బళ్లన్నిటికీ అలాగే పెడతాను. నంబరు ప్లేటు మీద నిజమైన నంబరు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, అది ఎవరిదో బండి అయివుంటుంది.

మీరు ఇంకోటి చూసుకోవాలి. బండి మాడ్ అంటే మోడల్, టెక్స్చర్, మెటా ఫైళ్లు, అంతే. అందులో నడిపించాల్సిన ప్రోగ్రాం ఉంటే, "యాంటీవైరస్ ఆపేయండి" అని రాసి ఉంటే వెంటనే తీసేయమనండి. పదో తరగతి పరీక్షలయ్యేదాకా ఆదివారాలకు పరిమితం చేయండి, పూర్తిగా మాన్పించకండి.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటున్నాం. మా నాన్నగారు 1980ల్లో కానిస్టేబుల్‌గా పనిచేశారు. మా పాప వాళ్ల తాత ఎక్కిన జీపు గేమ్‌లో చేస్తానంటోంది. ఒక్క ఫొటో కూడా లేదు. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫొటో లేకపోతేనేం, తాతగారు ఉన్నారు కదండీ.

నేను మొదటి సుమో చేసినప్పుడు మా నాన్నని పిలిచి స్క్రీన్ మీద చూపించాను. లైట్‌బార్, స్టిక్కర్, చక్రాలు, అన్నీ సరిగ్గా ఉన్నాయని నా నమ్మకం. నాన్న చాలాసేపు చూసి, "వైర్‌లెస్ ఏరియల్ ఏదిరా?" అన్నాడు. తర్వాత ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాడు. ముందు అద్దానికి ఇనుప జాలీ ఉండాలి, రాళ్లు పడే రోజుల్లో అదే కాపాడేది. లాఠీలు వెనక సీటు కింద, అడ్డంగా. డ్రైవర్ సీటు మీద తువ్వాలు. అద్దం మూల పగిలిన చోట స్టిక్కర్ అంటించి ఉండేది. ఆ సాయంత్రం రాసుకున్న కాగితం ఇంకా నా బల్ల సొరుగులో ఉంది. నా మాడ్‌లోని సొట్ట కూడా ఆ కాగితంలోంచి వచ్చిందే. పరకాల రోడ్డు మీద ఎడ్లబండి తగిలి పడిందట.

కాబట్టి పాపని తాతగారికి వీడియో కాల్ చేయమనండి. "జీపు ఎలా ఉండేది" అని అడిగితే ఆయన "మామూలుగానే ఉండేదమ్మా" అంటారు. చిన్నవి అడగాలి. నువ్వు ఎటువైపు నుంచి ఎక్కేవాడివి తాతా? వానొస్తే పక్కన ఏం దించేవారు? స్టెప్నీ ఎక్కడ? రాత్రి సెర్చ్‌లైట్ ఎవరు పట్టుకునేవారు? కాల్ రికార్డు చేసి పెట్టుకోమనండి.

మోడల్ విషయంలో ఒక చిక్కు ముందే చెప్తాను. గేమ్‌లో బళ్లు దాదాపు అన్నీ ఎడమ స్టీరింగువి, మన జీపు కుడి స్టీరింగుది. స్టీరింగ్ ఒక్కటీ కుడికి జరిపితే డ్రైవర్ ఎడమ సీట్లోనే కూర్చుని గాల్లో చేతులు తిప్పుతుంటాడు. సీటు గుర్తులు కూడా మార్చాలి. అక్కడ ఆగిపోతే నాకు రాయండి, ఫైలు చూసి చెప్తాను. లైట్‌బార్ జోలికి వెళ్లేముందు ఆ రోజుల్లో తమ జీపు మీద ఏ లైటు ఉండేదో, అసలు ఉండేదో లేదో తాతగారినే అడగమనండి.