నీరు తేటగా ఉన్నా కొత్త తొట్టిలో చేపలు ఎందుకు చనిపోతున్నాయి?

సందేహం: అలంకరణ చేపల పెంపకం నేర్చుకుందామని 90 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 38 సెం.మీ. ఎత్తు ఉన్న అద్దాల తొట్టి పెట్టాను. గులకరాళ్ళు పరిచి, స్పాంజి ఫిల్టరు అమర్చి, కుళాయి నీళ్ళు నింపి, మర్నాడే 12 చేపలు వదిలాను. రోజుకు రెండు గ్రాముల దాకా మేత వేశాను. నాలుగైదు రోజులకు చేపలు పైకి వచ్చి మొప్పలు ఎగరేస్తూ ఒక్కొక్కటే చనిపోయాయి. నీళ్ళన్నీ తీసేసి, రాళ్ళు, స్పాంజి కుళాయి కింద శుభ్రంగా కడిగి, కొత్త చేపలు వేస్తే మళ్ళీ అదే జరిగింది. ఇప్పుడు ఐదు మిగిలాయి. నీరు మాత్రం అద్దంలా ఉంది. పి.హెచ్. 8 చూపిస్తోంది. ఏ మందు వాడాలి? ఇది కుదిరితే మరో నాలుగు తొట్లు పెట్టాలని ఉంది.

సలహా: మందు ఏదీ వేయకండి. మీరు రాసిన లక్షణాలు, అవి కనిపించిన రోజులు చూస్తే ఇది రోగంలా లేదు, నీటిలో చేరిన అమ్మోనియా పనిలా ఉంది. కారణాల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఐదు చేపలను కాపాడుకోవాలి.

ఈ రోజే మూడో వంతు నీరు తీసి, తొట్టి నీటితో సమానమైన వెచ్చదనం ఉన్న, క్లోరిన్ పోయిన నీటిని నెమ్మదిగా పోయండి. రెండు రోజులు మేత ఆపండి. ఆరోగ్యంగా ఎదిగిన చేపకు ఆ మాత్రం పస్తు హాని చేయదు. గాలి పంపు రాత్రింబగళ్ళు నడవాలి. అమ్మోనియా, నైట్రైట్ కొలిచే కిట్లు వెంటనే తెచ్చుకోండి. చుక్కలు వేసి రంగు చూసే రకం కాగితపు పట్టీల కంటే నమ్మదగినది. ఈ రెండింటిలో ఏది లీటరుకు అర మిల్లీగ్రాము దాటినా ఆ రోజు మళ్ళీ మూడో వంతు నీరు మార్చండి. స్పాంజిని, రాళ్ళను మాత్రం అస్సలు కదపకండి.

ఇక జరిగినదేమిటో లెక్క వేసి చూద్దాం. మీ తొట్టిలో సుమారు 100 లీటర్లు పడతాయి. నలభై శాతం మాంసకృత్తులున్న మేత ఒక గ్రాము వేస్తే, చేప తిని విసర్జించేసరికి దాదాపు 35 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని (అమ్మోనియా రూపంలోని నత్రజని) నీటిలో చేరుతుంది. ఇందులో ఎక్కువ భాగం మొప్పల నుంచే వస్తుంది. రెండు గ్రాముల మేతకు 70 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు రోజుకు 0.7 మిల్లీగ్రాములు. నాలుగు రోజులకు అది మూడుకు దగ్గరవుతుంది. అయినా నీటి రంగు మారదు, వాసన రాదు. అందుకే తేటదనాన్ని చూసి నీరు బాగుందనుకోవడం చేపల పెంపకంలో అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం అంటాను.

మీ నీటి పి.హెచ్. 8 కావడం పరిస్థితిని ఇంకా కష్టం చేసింది. నీటిలోని అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది: అమ్మోనియం అయాన్ చేపకు పెద్దగా హాని చేయదు, అయాన్‌గా మారని అమ్మోనియా మొప్పలను దెబ్బతీస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పి.హెచ్. 7 ఉంటే మొత్తంలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పి.హెచ్. 8 అయితే అది ఐదు శాతం దాటుతుంది, 9 అయితే మూడో వంతుకు పైనే. కిట్టు చూపించే అంకె రెండు రూపాల మొత్తం కాబట్టి, దాని పక్కనే పి.హెచ్. కూడా రాసి పెట్టుకోవాలి.

ఈ అమ్మోనియాను తొలగించే పని బ్యాక్టీరియాది. పొలంలో యూరియా చల్లితే అది అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మారుతుందని మీకు తెలుసు. ఆ మార్పు చేసే సూక్ష్మజీవుల కోవకు చెందినవే తొట్టిలోనూ పనిచేస్తాయి. నైట్రోసోమోనాస్ వంటివి అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రోస్పైరా వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపకు విషాలే. నైట్రేట్ చాలా ఎక్కువైతే తప్ప అంత ప్రమాదం కాదు. ఈ బ్యాక్టీరియా చాలా మెల్లగా పెరుగుతుంది. పాలను పులియబెట్టే రకాల్లాగా గంటల్లో నిండిపోదు, సంఖ్య రెట్టింపు కావడానికే ఒక రోజు దాకా పట్టవచ్చు. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి.

ఈ బ్యాక్టీరియా నీటిలో తేలుతూ ఉండదు, స్పాంజి రంధ్రాల్లో, రాళ్ళ మీద పొరలా అతుక్కుని ఉంటుంది. నీరు మార్చినంత మాత్రాన అది పోదు. మీరు స్పాంజిని, రాళ్ళను క్లోరిన్ ఉన్న కుళాయి నీటిలో కడిగినప్పుడు, అప్పుడప్పుడే మొలకెత్తుతున్న ఆ పొర పోయి, తొట్టి తిరిగి మొదటి రోజుకు వెళ్ళింది. శుభ్రంగా ఉంచాలన్న మీ తపన మంచిదే. ఇకపై స్పాంజి మురికి పట్టి నీటి ప్రవాహం తగ్గినప్పుడు, తొట్టిలోంచి తీసిన నీళ్ళు బకెట్‌లో పోసి, అందులో రెండు మూడు సార్లు పిండితే చాలు.

రెండో వారం నుంచి అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరగడం చూస్తారు. చాలామంది ఇక్కడ ధైర్యపడి చేపలు కొంటారు, తొందరపడకండి. నైట్రైట్ రక్తంలోకి చేరితే రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు, మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి, నీటిలో గాలి పుష్కలంగా ఉన్నా చేప ఊపిరాడనట్లు పైకి వస్తుంది. దీనికి సులభమైన అడ్డు ఉప్పు. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు దారి ఇవ్వదు. వంద లీటర్లకు 10 గ్రాముల ఉప్పు కరిగించి పోస్తే లీటరుకు 60 మిల్లీగ్రాముల క్లోరైడ్ అందుతుంది, ఆ దశ దాటడానికి అది సాయపడుతుంది. అమ్మోనియా మీద మాత్రం ఉప్పు పనిచేయదు. ఈ రోజుల్లోనే నీరు పాలలా మసకబారితే భయపడవద్దు. అది వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం, మేత తగ్గిస్తే దానంతటదే తేటపడుతుంది.

కుళాయి నీళ్ళను ఒక రోజు గాలి పంపు పెట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది. క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) కలిపే చోట్ల ఇది చాలదు. క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ వేస్తే క్లోరమిన్ విడిపోతుంది కానీ అమ్మోనియా మిగులుతుంది. అక్కడ అమ్మోనియాను కూడా పట్టి ఉంచే ద్రావణం వాడాలి. బోరు నీళ్ళలో సాధారణంగా క్లోరిన్ ఉండదు, కానీ ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండవచ్చు. రాత్రంతా గాలి ఆడించిన తర్వాతే పి.హెచ్. చూడండి, అప్పటికి అంకె పెరిగి ఉంటుంది.

కొత్తగా పెట్టే తొట్లను చేపలు లేకుండానే కుదిర్చితే మేలు. చేపల బదులు అమ్మోనియం క్లోరైడ్ వేయాలి. వంద లీటర్ల నీటికి 0.63 గ్రాములు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వస్తుంది. రాళ్ళు కొంత చోటు తీసుకుంటాయి కాబట్టి నీళ్ళు బకెట్‌తో కొలిచి పోయండి. 25 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం, నిండా గాలి ఉండాలి. అమ్మోనియా సున్నాకు వచ్చినప్పుడల్లా మళ్ళీ వేయండి, నైట్రైట్ ఎక్కువగా ఉన్న రోజుల్లో సగం మోతాదు చాలు. ఎక్కువ వేస్తే పని త్వరగా అవుతుందనుకోవద్దు, లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే ఇంకా ఆలస్యమవుతుంది. రెండు మిల్లీగ్రాములు వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే తొట్టి సిద్ధమైనట్లే. చేరిన నైట్రేట్ పోవడానికి చాలా వరకు నీరు మార్చి, వెంటనే చేపలు వదలండి. రోజుల తరబడి ఖాళీగా ఉంచితే బ్యాక్టీరియాకు ఆహారం ఉండదు.

తొట్టి కుదురుకున్నాక పని తగ్గుతుంది కానీ ఆగదు. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి దాదాపు 7 మిల్లీగ్రాముల క్షారత (పి.హెచ్. పడిపోకుండా నీటిని కాపాడే గుణం) ఖర్చవుతుంది. మీరు పాత లెక్కన రెండు గ్రాముల మేతే వేస్తూ పోతే లీటరుకు రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున తగ్గి, లీటరుకు 100 మిల్లీగ్రాములు ఉన్న క్షారత 20 రోజుల్లో అడుగంటుతుంది. అప్పుడు పి.హెచ్. జారి, 6 కంటే కిందికి వెళ్తే బ్యాక్టీరియా దాదాపు పని మానేస్తుంది. వారానికి పావు వంతు నీరు మార్చమనేది ప్రధానంగా దీని కోసమే. క్షారత 50 కంటే దిగితే వంద లీటర్లకు 5 గ్రాముల వంట సోడా కరిగించి పోయండి, 30 మిల్లీగ్రాములు పెరుగుతుంది. పి.హెచ్. బాగా పడిపోయిన తొట్టిలో మాత్రం సోడా గానీ కొత్త నీరు గానీ ఒక్కసారిగా పోయవద్దు. అక్కడ పేరుకున్న అమ్మోనియం క్షణాల్లో విషరూపంలోకి మారుతుంది.

మేతను రోజుకు ఒక గ్రాముకు తగ్గించమని గట్టిగా చెబుతున్నాను. అలా అయితే వారానికి లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల నైట్రేట్ చేరుతుంది. పావు వంతు నీరు మారుస్తూ పోతే అది 44 దగ్గర నిలుస్తుంది. మూడో వంతు మార్చినా, నీటి మొక్కలు నాటినా ఇంకా తగ్గుతుంది. ప్రస్తుతం ఐదు చేపలే కాబట్టి వాటికి అందులో సగం కూడా అక్కరలేదు, రెండు నిమిషాల్లో తినేసేంత వేయండి.

ఎప్పుడైనా నిజంగా రోగం వచ్చి మందు వాడవలసి వస్తే, చేపను వేరే తొట్టిలోకి మార్చి అక్కడ వాడండి. మిథిలీన్ బ్లూ, కొన్ని యాంటీబయాటిక్‌లు ఫిల్టరులోని బ్యాక్టీరియాను కూడా చంపేస్తాయి.

మీ నాలుగు కొత్త తొట్ల విషయానికి వస్తే, వాటి కోసం కొనే స్పాంజి ఫిల్టర్లను ఇప్పటి తొట్టి కుదురుకున్నాక అందులోనే ఒక నెల పాటు నడపండి. చేపలు ఆరోగ్యంగా ఉంటేనే ఆ ఫిల్టర్లను తీసి, తడి ఆరకుండా కొత్త తొట్లలో పెట్టండి. పాత స్పాంజిని పాత తొట్టిలోనే ఉంచాలి. మొత్తం బ్యాక్టీరియా మీరు వేసే మేతకు తగినంతే ఉంటుంది, అది ఐదు స్పాంజిల మధ్య పంచుకుపోతుంది కనుక ఒక్కో తొట్టిలో మొదట రెండు మూడు చేపలే వేయండి. అమ్మోనియా, నైట్రైట్ రెండు వారాలు వరుసగా సున్నా చూపించాక మరో రెండు కలపవచ్చు.