డయాలసిస్‌లో ఉన్న మా అమ్మ ఆ 36 ప్రశ్నల ఫారంలో అన్నిటికీ 'బాగానే ఉంది' అంటోంది, వదిలేయొచ్చా?

వదిలేయకండి. మా నాన్న కూడా అచ్చం ఇదే చేశారు, పక్కన కూర్చుని ప్రశ్నలు చదివి టిక్కులు పెట్టింది నేనే కాబట్టి తప్పు సగం నాది.

మీకిచ్చింది కేడీక్యూఓఎల్-36 అయ్యుంటుంది, కిడ్నీ జబ్బుతో రోజులెలా గడుస్తున్నాయో అడిగే ఫారం. మొదటి 12 మామూలు ఆరోగ్యం గురించి (ఒకదాంట్లో గోల్ఫ్ మాట కూడా ఉంది, 'మల్కాజిగిరిలో గోల్ఫేంట్రా' అన్నారు నాన్న), తర్వాత 4 జబ్బు భారం మీద, 12 దురద, కండరాలు పట్టేయడం, ఆకలి లేకపోవడం లాంటివి, చివరి 8 తాగే నీళ్ళు తగ్గించుకోవడం, ప్రయాణాలు వగైరా. ఈ చివరి మూడు భాగాల్లో ఒక్కోదానికి 0 నుంచి 100, ఎక్కువొస్తే మంచిది. ఇంట్లోవాళ్ళకి భారమైపోయాననిపిస్తోందా అని కూడా ఉంటుంది అందులో. కొడుకే ఎదురుగా కూర్చుని అడుగుతుంటే ఏ తండ్రి అవునంటాడు చెప్పండి?

నేను బొమ్మలేస్తాను, మాసాబ్ ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివాను. ముంజేతిలో బొటనవేలి వైపు నుంచి పైకి పాకే సెఫాలిక్ సిరని అనాటమీ క్లాసులో ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. నాన్నకి డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఫిస్టులా చేసింది దానికే, మణికట్టు దగ్గర ధమనికి కలిపి. ధమనిలోని ఒత్తిడంతా అందులోకి రావడంతో రెండేళ్ళలో అది మెలికలు తిరిగిన తాడులా తయారైంది, వేలు పెడితే జుమ్మంటుంది. ఒకసారి గీస్తాను నాన్నా అంటే ఆయన చొక్కా చెయ్యి ఇంకా కిందికి లాక్కున్నారు. మే నెల ఎండల్లో కూడా ఫుల్‌హ్యాండ్స్ ఎందుకేసుకుంటున్నారో అప్పటికిగానీ వెలగలేదు నాకు. ఫారంలో 36వ ప్రశ్న మనిషి కనబడే తీరు గురించే, దానికి నేను అడక్కుండానే 'ఇబ్బంది లేదు' అని కొట్టేశాను!

రెండోసారి డయాలసిస్ లేని రోజు చూసి, కళ్ళజోడూ పెన్నూ ఇచ్చి నేను బయటికెళ్ళిపోయాను. దురద, పిక్కలు పట్టేయడం, భారం, అన్నిట్లోనూ మార్కులు పడిపోయాయి. రిపోర్టులో యూఆర్ఆర్ 65 శాతం దాటుతోందిగా, ఇంకేం అనుకుంటూ వచ్చాం అన్నాళ్ళూ. అది రక్తంలో యూరియా ఎంత తగ్గిందో చెప్తుంది, అంతే, రాత్రి గోక్కుంటూ మేలుకున్న సంగతి దానికేం తెలుసు. ఒంట్లో ఫాస్ఫరస్ పెరిగినా దురద రావచ్చట, అందుకే డాక్టరుగారు దురద మార్కు చూసి, తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టేసే మాత్ర ఎప్పుడేసుకుంటున్నారని అడిగితే, తిన్న గంటకి అట! అది అన్నంతోపాటే పడాలి.

ఫారంలో లేనిది ఇంకొకటి మీరే అడగండి, డయాలసిస్ నుంచి వచ్చాక మళ్ళీ మామూలు మనిషవ్వడానికి ఎంతసేపు పడుతోందని. నాన్న మర్నాడు పొద్దుటిదాకా అన్నారు, ఆ ఒక్క ముక్కతో డాక్టరుగారు డయాలసిస్‌లో ఒంట్లోంచి నీళ్ళు తీసే లెక్కంతా మళ్ళీ చూశారు.

అన్నట్టు బిగుతు కఫ్ ఫిస్టులా చేతికి మంచిది కాదు, అందుకని టైలర్‌తో వదులు చేతుల చొక్కాలు నాలుగు కుట్టించాం. బొమ్మ మాత్రం ఇంకా గీయనివ్వలేదు.