తుపాకి పేలే ముందు ఏం జరుగుతుందో చూడండి

"పాత వెస్టర్న్ సినిమాల్లో గుర్రాలూ తుపాకులూ తప్ప అంత గొప్పేముంది?" అని అడిగారు. గొప్పంతా తుపాకి తీసేముందు ఉండే ఎదురుచూపులో ఉందండీ. అది పండాలంటే ఎవడు ఎక్కడ నిలబడ్డాడో, ఎవడికి ఎవడు ఎంత దూరమో చూసేవాడికి కళ్లకు కట్టాలి. లేకపోతే ఎన్ని తూటాలు పేల్చినా చప్పుడే మిగులుతుంది.

1966లో సెర్జియో లియోనే తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' చివరి ఘట్టమే తీసుకోండి. శ్మశానం నడుమ రాళ్లు పరిచిన గుండ్రటి బయలు. ముగ్గురు మనుషులు ఒకరినొకరు కనిపెట్టుకుంటూ అంచులకు జరుగుతారు. దూరపు షాట్‌ను లియోనే తొందరగా కోయడు. ఆ చోటు కొలత మనకు దొరికాకే దగ్గరికి వెళ్తాడు: ముఖం, పిస్టల్ పిడి దగ్గర కదిలే వేళ్లు, చివరికి కళ్లు మాత్రమే. షాట్లు పొట్టివవుతుంటాయి, మోరికోనే సంగీతం పెరుగుతుంటుంది. మాటన్నది లేదు. కాల్పులు మాత్రం రెప్పపాటులో అయిపోతాయి.

ఇద్దరైతే ఎదుటివాణ్ణి చూసుకుంటే చాలు. ముగ్గురైతే ముందు ఎవణ్ణి కాల్చాలన్న లెక్క తేలదు, కళ్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. పైగా ఆ ముగ్గురిలో టూకో అనేవాడి తుపాకిలో తూటాలు లేవన్న సంగతి బ్లాండీ అనేవాడు ఒక్కడికే తెలుసు. రెండోసారి చూసినప్పుడు అదే ఘట్టం వేరుగా కనిపించేది అందుకే.

ఇందులో కెమెరా పాత్ర కూడా ఉంది. దీన్ని టెక్నిస్కోప్ అనే వెడల్పు ఫ్రేము పద్ధతిలో తీశారు. ఫ్రేముకు ఫిల్ము అంచున ఉండే నాలుగు రంధ్రాల ఎత్తు బదులు రెండింటి ఎత్తే వాడతారు కాబట్టి ఫిల్ము సగమే పడుతుంది. వెడల్పు దృశ్యాన్ని ఫిల్ము మీద పక్కల నుంచి నొక్కి పట్టే అనమార్ఫిక్ లెన్సు అక్కర్లేదు, మామూలు లెన్సుతోనే ముఖానికి బాగా దగ్గరికి పోవచ్చు. చిన్న ఫ్రేమును తెరకు సరిపడా పెంచితే గ్రెయిన్, అంటే ఫిల్ములోని సన్నటి రవ్వలు, బయటపడుతుంది, అదీ దీని లోపం. కానీ ఎండకూ చెమటకూ దుమ్ముకూ ఆ గరుకుదనమే అందం.

అందుకే పక్కలు కోసేసిన కాపీని ఫోన్లో చూసి "బోరు" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. పక్కలు పోతే మూడో మనిషే పోతాడు, ఇక ఆ లెక్కెక్కడిది?

1952 నాటి 'హై నూన్'లో ఇదే పని గడియారం చేస్తుంది. సినిమా 85 నిమిషాలు, కథలో గడిచే కాలమూ దాదాపు అంతే. మధ్యాహ్నం రైల్లో పగతో వస్తున్నవాణ్ణి ఊరి మార్షల్ (పోలీసు అధికారి) ఎదుర్కోవాలి. మాటిమాటికీ గోడ గడియారాలు, రైలు రాని ఖాళీ పట్టాలు. సాయం చేయమని అడిగిన ప్రతిచోటా ఆ మార్షల్ గ్యారీ కూపర్‌కు ఎదురుదెబ్బే. ఆఖర్న కెమెరా క్రేన్ మీద పైకి లేస్తుంది, వీధిలో అతనొక్కడే చిన్నగా మిగులుతాడు.

మనకు 1971లోనే కృష్ణ గారి వెస్టర్న్ 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా, రాజస్థాన్ ఇసుక. కానీ ఇప్పటి మన ఫైట్లలో ఆ ఎదురుచూపే లేదు, స్లో మోషనూ చెవులు పగిలే సంగీతమూ మొదటి క్షణం నుంచే మొదలు. విలన్ ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో దర్శకుడికైనా తెలుసా అని అనుమానం!

మొదటిసారి చూసేవాళ్లు 'హై నూన్'తో మొదలుపెట్టండి. తర్వాత లియోనే. పెద్ద తెర మీద, మధ్యలో ఆపకుండా.